శనివారం తొమ్మిది గంటల బస్సు

ఆ రోజుల్లో నా లెక్కలో మనుషులు రెండు రకాలు: నాతో వాదించి ఓడిపోయినవాళ్ళు, ఇంకా నాతో వాదించే అవకాశం రానివాళ్ళు. మూడో రకం ఒకటి ఉంటుందని, వాళ్ళు మన వాదనంతా ఓపిగ్గా విని, “అంతేలేమ్మా” అని తల ఊపి, బయటికి వెళ్ళి తమకు తోచిందే చేసుకుంటారని, నిజానికి లోకంలో ఎక్కువమంది వాళ్ళేనని తెలియడానికి నాకు విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ఉద్యోగమూ, ఒక బస్సూ కావలసి వచ్చాయి. ఇందులో కొంత నా పెంపకం పాత్ర కూడా ఉంది. మా నాన్న సంస్కరణవాది. మా ఇంట్లో పంచాంగం ఉండేది కాదు. గోడ మీది క్యాలెండరులో కూడా తిథులూ వర్జ్యాలూ ఉన్న భాగాన్ని ఆయన కత్తెరతో జాగ్రత్తగా కత్తిరించేసేవారు (అందువల్ల వెనక పేజీలోని నెల తారీఖులు కొన్ని ముందు పేజీలో కనిపించి, నేనొకసారి పరీక్ష ఫీజు కట్టే రోజే పొరబడ్డాను). ఆదివారం సాయంత్రాలు నాన్న స్నేహితులు మా వరండాలో చేరి చర్చలు పెట్టేవారు. వాటిని నడిపించే పెద్దాయన్ని అందరమూ చర్చల మాస్టారు అనేవాళ్ళం. నా ఈడు పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుకుంటున్న వయసులో నేను ఆయన ముందు నిలబడి ఆత్మ లేదని వాదించి గెలిచాను. “ఇప్పుడు పక్షం మార్చు” అన్నారాయన. ఉందని వాదించి మళ్ళీ గెలిచాను. ఆత్మ సంగతి తేలలేదుగానీ, నోరు ఉందన్న సంగతి మాత్రం ఊరంతా తేలిపోయింది.

ఇలాంటి చదువులో ఒక ఇబ్బంది ఉంది. శకునాలనూ దిష్టినీ గ్రహణాల మైలనూ ఖండించడానికి కావలసిన సరంజామా అంతా నా దగ్గర ఉండేది. వాటితో జనం రోజూ ఎలా కాపురం చేస్తారో మాత్రం నాకు తెలియదు. మా అమ్మకు తెలుసు. కానీ ఆమె పెళ్ళయిన కొత్తలోనే మా నాన్నతో వాదించడం మానేసి, ఆ తీరిక సమయంలో చక్కగా కుట్లూ అల్లికలూ నేర్చుకుంది.

డిగ్రీ అయ్యాక నాకు దొరికిన ఉద్యోగం పర్యాటక సమాచార కేంద్రంలో. ఊళ్ళోని కొందరు లాడ్జీల యజమానులు కలిసి పెట్టుకున్న కేంద్రం అది. ఒక లాడ్జి కింద, మెట్ల పక్కన, ఒక కౌంటరు, ఒక ఫ్యాను, గోడ మీద కృష్ణానది పటం. మేనేజరు గారు ఎవరేమన్నా ముందు “శాంతం, శాంతం” అనేవారు కనుక ఆయనకు శాంతం గారనే పేరు స్థిరపడిపోయింది. కౌంటరులో నేను. సమాచారం కోసం వచ్చేవారికి ఉండవల్లి గుహలు ఎవరు తొలిపించారో, కొండపల్లి బొమ్మలు ఏ కర్రతో చేస్తారో చెప్పాలని నేను రాత్రంతా చదువుకుని వెళ్ళేదాన్ని. వచ్చినవాళ్ళు అంతా విని, “అదంతా సరేగానీ అమ్మాయ్, గుహల పక్కన భోజనం బాగుంటుందా?” అనేవారు. ఒకాయన బ్యారేజీలో నీళ్ళున్నాయా అని అడిగి, లేవంటే, వదలకుండా దాచుకున్నది నేనేనన్నట్టు చూశాడు. ఒకావిడ నా ఊరు, ఇంటిపేరు, నాన్న చేసే పని అన్నీ కనుక్కుని, మా ఆడపడుచు కొడుకున్నాడు, బ్యాంకులో పని అంది. “ఇక్కడ ఇలాంటివి అడగకూడదండీ” అన్నాను. “బోర్డు మీద సమాచార కేంద్రం అని రాసుకున్నారుగదమ్మా, సమాచారమేగా నేనడిగింది” అంది. ఇక ఎవరికి ఎంత వివరంగా దారి చెప్పినా, బయటికి వెళ్ళగానే ఎదురుగా ఉన్న సోడాబండి దగ్గర ఆగి అదే ప్రశ్న మళ్ళీ అడిగేవారు. వాడు నేను చెప్పిందే చెబితే అప్పుడు నా వైపు తిరిగి చిరునవ్వు నవ్వి వెళ్ళేవారు. ఫర్వాలేదు, పిల్లకి తెలుసు అన్నట్టు.

ఇలా ఉండగా లాడ్జీల యజమానుల సంఘం ప్రెసిడెంటు గారు ఒకరోజు వచ్చి, ఫ్యాను కింద కూర్చుని, “ఈ కౌంటరు వల్ల మాకు ఒరిగిందేంటి శాంతం గారూ?” అని అడిగారు. శాంతం గారు ఆ మాటకు కూడా శాంతం అన్నారు. నేను మాత్రం ఊరుకోకుండా, ఒకరోజు యాత్ర ఒకటి మొదలుపెడదామని, పొద్దున్నే బస్సులో డెల్టాలోకి తీసుకెళ్ళి కూచిపూడి, చల్లపల్లి చూపించి, హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో కలిసేచోట సాయంత్రం దాకా ఉంచి తీసుకొద్దామని చెప్పాను. యాత్ర పేరు కూడా అక్కడికక్కడే పెట్టాను: డెల్టా విజ్ఞాన యాత్ర. ఒండ్రుమట్టి ఎలా పేరుకుని భూమి అయిందో జనానికి చూపించాలన్నది నా ఆశయం. ప్రెసిడెంటు గారు ఒండ్రుమట్టి విషయంలో ఏ ఉత్సాహమూ చూపకుండా, “సరే. మొదటి బస్సు నిండాలి, చెప్పిన టైముకి కదలాలి. లేకపోతే యాత్రా వద్దు, కౌంటరూ వద్దు. ఈ మెట్లపక్క జాగా జెరాక్సు వాళ్ళు అడుగుతున్నారు” అని లేచి వెళ్ళిపోయారు. నా ఉద్యోగం ఒక బస్సు మీద నిలబడింది.

బస్సు ఒక ప్రైవేటు స్కూలుది. శనివారం పొద్దున పిల్లల్ని దింపేశాక ఖాళీ. దాని డ్రైవరు భాయ్, లబ్బీపేటలో ఉండేవాడు, మాట తప్పని మనిషి. “తొమ్మిదికల్లా మీ వాకిట్లో ఉంటా మేడమ్, అంతకుముందు రాలేను” అన్నాడు. నేను తొమ్మిది గంటలకు ప్రయాణం అని పోస్టర్లు వేయించేశాను. పోస్టరు చూసి శాంతం గారి ముఖం పాలిపోయింది.

“శనివారం తొమ్మిదింటికా అమ్మా?”

“అవునండీ. ఏం?”

“తొమ్మిది నుంచి పదిన్నర దాకా రాహుకాలం కదమ్మా. ఒక్కళ్ళూ ఎక్కరు.”

నిజం చెప్పొద్దూ, ఆ క్షణం దాకా నాకు ఆ సంగతి తెలియదు. (మా క్యాలెండరులో ఆ భాగం లేదని చెప్పాను కదా.) కానీ తెలిశాక నాకు కలిగింది భయం కాదు, ఆనందం. ఇన్నాళ్ళూ వరండాలో కత్తి తిప్పినదానికి ఇప్పటికి ఒక యుద్ధం దొరికింది! పదిన్నరకు మారుద్దామని ఆయన బతిమాలారు. పదిన్నరకు బయల్దేరితే సముద్రం దగ్గర అరగంట కూడా మిగలదని చెప్పాను. అది నిజమే. కానీ ఆ నిజం నాకు అందివచ్చిన సాకు కూడా. మొదట్లో శాంతం గారి మాటే నెగ్గింది. జనం వచ్చి పోస్టరు చదివి, వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుని, “చెప్తామమ్మా” అని వెళ్ళిపోయేవారు. వెళ్ళేవాళ్ళను ఆపి రాహువు అనే గ్రహమే లేదని, ఈ తొమ్మిదీ పదిన్నరా దేశమంతా ఒక గడియారం పెట్టుకున్నాక వచ్చిన లెక్కలని చెప్పేదాన్ని. వాళ్ళు “అంతేలేమ్మా” అనేవారు. సోడాబండి దగ్గర ఆగేవారు. నా వైపు చూసి మాత్రం నవ్వేవారు కాదు.

అప్పుడు వచ్చారు కాలనీ పిన్నిగారు. ఆవిడ ఇబ్రహీంపట్నం మనిషి. భర్త థర్మల్ స్టేషన్లో పనిచేసి రిటైరయ్యారట. చుట్టుపక్కల ఆడవాళ్ళందరికీ ఆవిడ ఎంత చెబితే అంత. సంగమంలో స్నానం చెయ్యాలని వాళ్ళకు చాన్నాళ్ళ కోరిక. “మా కాలనీ వాళ్ళమే బస్సు నింపేస్తాం అమ్మాయ్” అంటూ వచ్చిన ఆవిడ, టైము వినగానే కుర్చీలో వెనక్కి జారగిలబడ్డారు. నేను ఆవిడ ముందు నా ఉపన్యాసం మొత్తం, ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. మధ్యలో మంచినీళ్ళు తాగింది కూడా నేనే. ఆవిడ ఎంతో శ్రద్ధగా విని, “బాగా చదువుకున్నావమ్మా. మీ అమ్మ అదృష్టవంతురాలు” అని లేచి వెళ్ళిపోయారు. మర్నాడు నేను పోస్టర్లు అంటించడానికి బస్టాండుకు వెళ్ళి తిరిగొచ్చేసరికి కాలనీ పిన్నిగారు మళ్ళీ వచ్చి, శాంతం గారితో తల దగ్గరగా పెట్టి ఏదో మాట్లాడుతున్నారు. నన్ను చూసి ఇద్దరూ మాట ఆపేశారు.

“బస్సంతా మాకే రాసెయ్యి అమ్మాయ్. శనివారం తొమ్మిదే ఖాయం” అన్నారావిడ.

“మరి రాహుకాలం?” అన్నాను, గొంతులో గర్వం తొణక్కుండా పట్టుకోవడానికి ప్రయత్నిస్తూ.

“నువ్వంతగా చెప్పాక ఇంకేం రాహుకాలమమ్మా” అన్నారు పిన్నిగారు. శాంతం గారు ఎందుకో గోడ మీది కృష్ణానదిని చూడటం మొదలుపెట్టారు.

ఆ సాయంత్రం నేను సరాసరి చర్చల మాస్టారి ఇంటికి వెళ్ళాను. ఒక ఆడపిల్ల, కౌంటరులో కూర్చుని, ఒకే ఒక్క ఉపన్యాసంతో ఒక కాలనీని రాహుకాలం నుంచి విడిపించిందని విన్నప్పుడు ఆ పెద్దాయన కళ్ళు చెమర్చాయి. “నేనొచ్చి జెండా ఊపుతాను” అన్నారు. “చిన్న ప్రసంగం కూడా చేస్తాను.” ఈ మాట చెబితే శాంతం గారు ఉలిక్కిపడి, “ఆయన్నెందుకమ్మా ఈ ఎండలో శ్రమ పెట్టడం, శాంతం, శాంతం” అన్నారు. ముసలాయన మీద జాలి అనుకున్నాను.

గురువారం పొద్దున్నుంచీ ఒక వింత మొదలైంది. కాలనీ ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చిన్న చిన్న సంచులు ఇచ్చి, “ఇక్కడుంచమ్మా, శనివారం బస్సులో మాతో పాటు వస్తాయి” అని వెళ్తున్నారు. పట్టుకుంటే బరువే లేదు. ఒకదాంట్లో జాకెట్టు గుడ్డ, ఇంకోదాంట్లో తువ్వాలూ గుప్పెడు బియ్యమూ. సిటీబస్సుల్లో రద్దీ కదా, సామాను ముందే చేర్చుకుంటున్నారు అనుకున్నాను. తువ్వాలు మోయలేనంత రద్దీ ఏమిటని నాకు తట్టనే లేదు. పైగా ఇది యాత్రికుల్లో మన కేంద్రం మీద పెరిగిన విశ్వాసానికి గుర్తు అని చెప్పి, ఒక బల్ల ఖాళీ చేయించి, “ప్రయాణికుల సామాను ఇక్కడ ఉచితంగా భద్రపరచబడును” అని అట్ట మీద రాసి పెట్టాను. శాంతం గారు ఆ అట్టను చూసి కాసేపు కళ్ళు మూసుకున్నారు.

శుక్రవారం మధ్యాహ్నం నేను భోజనానికి వెళ్ళి వచ్చేసరికి నా కుర్చీలో ఒక బట్టలకొట్టు సంచీ ఉంది. బల్ల మీది సంచులతో కాదు, విడిగా. లోపల కొత్త చీర, కొట్టువాళ్ళ రసీదు మీద కాలనీ పిన్నిగారి పేరు. శాంతం గారు ఊళ్ళోకి వెళ్ళారు, అడగడానికి ఎవరూ లేరు. అయ్యో, పిన్నిగారు షాపింగుకు వచ్చి, మనతో మాట్లాడటానికి ఆగి, చీర మర్చిపోయారు అనుకున్నాను. (ఆవిడ పొద్దుటే నేను రాకముందు వచ్చి అది శాంతం గారి చేతికి ఇచ్చారని, జరీ చీర కదా అని ఆయన బల్ల మీద పెట్టకుండా ఊళ్ళోకి వెళ్తూ నా కుర్చీలో పెట్టారని నాకెలా తెలుస్తుంది?) యాత్రికుల సేవ అంటే ఏమిటో లోకానికి చూపించే అవకాశం. సాయంత్రం కౌంటరు మూసి, కిక్కిరిసిన సిటీబస్సులో ఆ సంచీని గుండెలకు హత్తుకుని ఇబ్రహీంపట్నం వెళ్ళాను. పిన్నిగారు ఇంట్లో లేరు. వాళ్ళాయన, బాబాయిగారు, క్రికెట్టు చూస్తూ తలుపు తీశారు. “పిన్నిగారు ఆఫీసులో మర్చిపోయారండీ” అన్నాను. “దానికదే అలవాటు” అని సంచీ అందుకుని, ఫ్రిజ్ మీద పెట్టి, మళ్ళీ క్రికెట్టులో మునిగిపోయారు. తిరుగు బస్సులో నిలబడి వస్తూ, నా మంచితనానికి నేనే ముచ్చటపడ్డాను.

శనివారం పొద్దున భాయ్ అన్నమాట ప్రకారం బస్సు తెచ్చి వాకిట్లో పెట్టాడు. ప్రెసిడెంటు గారు వచ్చి, నిండిన బస్సును చూసి మొదటిసారి నా వైపు చూసి నవ్వారు. చర్చల మాస్టారు ఉతికిన ఖద్దరు లాల్చీలో దిగారు. ఆయన చిన్న ప్రసంగం అన్నారు కానీ, ఆ చిన్న ప్రసంగంలో గ్రీకులున్నారు, చార్వాకులున్నారు, సూర్యచంద్రులున్నారు. కిటికీల్లోంచి ఆడవాళ్ళు మర్యాదగా వింటున్నారు. “మేడమ్, ఇంజన్ ఆపనా, ఉంచనా?” అని భాయ్ రెండుసార్లు అడిగాడు. చివరికి మాస్టారు ముందు సీటులో ఉన్న కాలనీ పిన్నిగారి వైపు తిరిగి, ఎంతో ఆర్ద్రంగా, “అమ్మా! తరతరాల భయాన్ని తెంచుకుని రాహుకాలంలో బయల్దేరుతున్నారు. మీ మనసులో ఇప్పుడు ఏమనిపిస్తోంది?” అని అడిగారు.

“రాహుకాలంలో ఎందుకు బయల్దేరతామండీ?” అన్నారు పిన్నిగారు. “మేం మొన్ననే బయల్దేరాంగా.”

మాస్టారు నా వైపు చూశారు. నేను శాంతం గారి వైపు చూశాను. శాంతం గారు బస్సు టైరు వైపు చూశారు.

“పరస్థానం పెట్టారమ్మా” అన్నారాయన గొంతు తగ్గించి. “మంచిరోజున మన సామాను ఒకటి ఇంటి గడప దాటించి వేరేచోట పెడితే, ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. తర్వాత మనిషి ఎప్పుడు కదిలినా దోషం లేదు. గురువారం దశమి, మంచిరోజు. కుదరనివాళ్ళకి శుక్రవారం పొద్దున కూడా బాగుంది.”

అంటే నేను అట్ట పెట్టి, బల్ల వేసి, ఉచితంగా భద్రపరిచినవి సంచులు కావు; నా ఉపన్యాసానికి వాళ్ళు పెట్టిన జవాబులు. మాస్టారు లాల్చీ జేబులోంచి రుమాలు తీసి కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఆయన ముఖం చూసే ధైర్యం నాకు లేకపోయింది. కానీ అవమానం అంతటితో ఆగితే బాగుండేది. పిన్నిగారు కిటికీలోంచి చెయ్యి చాపి, “అందరి సంచులూ వచ్చినయ్, నాదేది అమ్మాయ్? చీర సంచీ?” అన్నారు.

అంత పరాభవంలోనూ నాకు ఒక్క ఆశాకిరణం కనిపించింది. కనీసం ఈ ఒక్క విషయంలో నన్ను మెచ్చుకుంటారు! “మీరు మర్చిపోయారనుకుని నిన్న సాయంత్రం మీ ఇంటికే తీసుకెళ్ళి బాబాయిగారికి ఇచ్చి వచ్చానండీ” అన్నాను.

పిన్నిగారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. “ఇంటికా?” అన్నారు. “గడప దాటిన పరస్థానాన్ని మళ్ళీ ఇంట్లో పెట్టొచ్చావా?” ఇంకేమీ అనకుండా నెమ్మదిగా బస్సు దిగి, మెట్ల మీద కూర్చున్నారు. ఆవిడ వెనకే వియ్యపురాలు దిగింది. ఆమె వెనక పక్కింటావిడ. చూస్తుండగానే సగం బస్సు ఖాళీ అయి, వాకిలి నిండింది.

“తెలియక చేసిందిలే వదినా, చిన్నపిల్ల.”

“తెలిసి చేస్తే ఏంటి, తెలియక చేస్తే ఏంటి, ఇంటికి తిరిగొచ్చింది తిరిగొచ్చిందేగా.”

“నన్నొదిలేసి మీరు వెళ్ళిరండి” అన్నారు పిన్నిగారు. ఆ మాట విన్నాక ఎక్కి ఉన్న మిగతా సగం కూడా దిగిపోయింది.

ప్రెసిడెంటు గారి నవ్వు ఎప్పుడో పోయింది. ఆయన వాచీ చూసుకుని, “ఏవమ్మా, కదుల్తుందా? జెరాక్సు వాళ్ళకి ఫోన్ చెయ్యనా?” అన్నారు. ఎండ ఎక్కుతోంది. భాయ్ ఇంజన్ ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో నా ఉద్యోగం పోతున్న చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. ముందు పాత అలవాటు కొద్దీ గ్రహాలతో మొదలుపెట్టాను. “పిన్నిగారూ, ఒక చీరకూ మీ ప్రయాణానికీ ఏమిటండీ సంబంధం?” ఆవిడ “అంతేలేమ్మా” అన్నారు, మెట్టు మీది నుంచి అంగుళం కూడా కదలకుండా.

అప్పుడు మాస్టారు చెప్పిన పాఠం ఒకటి గుర్తొచ్చింది. ఎదుటివాడు నమ్మని పుస్తకంతో వాడిని ఒప్పించలేవు, వాడి పుస్తకం తెరిచి వాడి మాటతోనే మాట్లాడు అనేవారాయన. మన సంస్కర్తలంతా చేసింది అదేనని కూడా అనేవారు. నేను వెళ్ళి పిన్నిగారి కింది మెట్టు మీద కూర్చున్నాను.

“పిన్నిగారూ, మీరు గుడి చుట్టూ ప్రదక్షిణ చేస్తే పుణ్యం వస్తుందా?”

“ఎందుకు రాదు?”

“అదే గుడి చుట్టూ గడ్డి మేస్తూ మేక ఒకటి తిరిగిందనుకోండి. దానికీ వస్తుందా?”

“మేకకేం తెలుసమ్మా? మనసులో అనుకుని తిరగాలి. సంకల్పం ఉండాలి.”

“మరి నేను మీ సంచీ తీసుకెళ్ళినప్పుడు నాకేం సంకల్పం ఉంది? పరస్థానం అన్న మాటే నేను ఇప్పుడు విన్నాను. విన్నాక కూడా నమ్మడం లేదు. ఈ విషయంలో నేను ఆ మేకనేనండీ. మేక లాక్కెళ్ళిన సంచీ తిరిగొచ్చినట్టు లెక్కా?”

ఆడవాళ్ళలో ఒక కదలిక వచ్చింది. “నిజమే వదినా, మేక లెక్కలోకి రాదు” అంది వియ్యపురాలు. పిన్నిగారు నన్ను పరీక్షగా చూశారు. ఆవిడలో మంచి న్యాయమూర్తి ఉన్నారని అప్పుడే తెలిసింది.

“నువ్వు నిజంగా నమ్మవా? లోపల్లోపల ఏ మూలో కూడా?”

“ఏ మూలా నమ్మనండీ.”

“పైకి అట్టా అనేవాళ్ళని చాలామందిని చూశాను. నా నెత్తి మీద చెయ్యేసి ఒట్టెయ్యి.”

“వద్దమ్మా!” అని మాస్టారు వెనక నుంచి కేక పెట్టారు. “హేతువాది ఒట్టు వెయ్యడమా? మన చర్చల చరిత్రలోనే లేదు!” ప్రెసిడెంటు గారు ఫోను తీశారు. పిన్నిగారు తల వంచి, నా చెయ్యి ఎక్కడ పడితే బాగుంటుందో వీలుగా, కొబ్బరినూనె వాసన వచ్చే పాపిట నా వైపు పెట్టి ఎదురుచూస్తున్నారు. అబద్ధమైతే పోయేది తన తలే అని నమ్మే మనిషి, నా నిజం మీద నమ్మకంతో తన తలను నాకు అప్పగించి కూర్చున్నారు. ఏ చర్చలోనూ ఎవరూ నన్ను అంతగా నమ్మలేదు. ఆ తల మీద చెయ్యి వేసి, “మీ మీద ఒట్టు పిన్నిగారూ, నేను నమ్మను” అన్నాను.

“ఇంకేం, ఎక్కండర్రా!” అన్నారు పిన్నిగారు లేచి, చీర దులుపుకుంటూ. మాస్టారు జెండా ఊపారు. ఊపారు అనడం కంటే, చేతిలో ఉంది కనుక అది ఊగింది అనడం నిజం. బస్సు బందరు రోడ్డెక్కాక నేను భాయ్ పక్కనున్న రాడ్డు పట్టుకుని, కాస్త నన్ను నేను ఓదార్చుకుంటూ, “భాయ్, వీళ్ళంతా ఎప్పుడో బయల్దేరారట. రాహుకాలంలో బయల్దేరింది నువ్వూ నేనే” అన్నాను.

“నేనెక్కడ మేడమ్? పిల్లల్ని దింపడానికి ఆరింటికే ఇంట్లోంచి బయల్దేరా” అన్నాడు భాయ్, గేరు మారుస్తూ.

అలా ఆ మహాపోరాటంలో, ఇల్లు ఎప్పుడు వదిలానో లెక్కేసుకోనిదాన్ని కనుక, రాహుకాలాన్ని ధిక్కరించిన వీరురాలిని నేనొక్కదాన్నే మిగిలాను. యాత్ర మాత్రం బ్రహ్మాండంగా సాగింది. కూచిపూడిలో ఆడవాళ్ళు పిల్లల నాట్యం చూసి చప్పట్లు కొట్టారు, చల్లపల్లిలో జమీందారుల కోట చూసి “ఇంత ఇల్లు ఎవరు ఊడుస్తారమ్మా” అని బెంగపడ్డారు, సంగమం దగ్గర ఒండ్రుమట్టి గురించి నేను చెబుతుండగానే అందులోకి దిగి మునిగారు. మరుసటి వారం బస్సు కూడా నిండింది. నా కౌంటరు నిలిచింది. నా అట్ట కూడా నిలిచింది, శాంతం గారి కోరిక మీద. జెరాక్సు వాళ్ళు ఇంకెక్కడో జాగా చూసుకున్నారు. మాస్టారు నెల రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒక ఆదివారం వరండాలో, ఎవరూ వినకుండా, “ఆ మేక ఉపమానం మాత్రం బాగుందమ్మాయ్” అన్నారు.

ఇప్పుడు అప్పటి ఆ అమ్మాయిని, అంటే నన్నే, తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఒట్టు కాదు, ఆ సాయంత్రం తిరుగు ప్రయాణం. కాలనీ పిన్నిగారు నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, పులిహోర పెట్టి, “అసలు ఎందుకు నమ్మవమ్మా? చెప్పు, వింటాను” అన్నారు. అంతకంటే ఏం కావాలి నాకు? అవనిగడ్డ దగ్గర మొదలుపెట్టాను. సూర్యుడి నుంచి వచ్చాను, గ్రహాలు చెప్పాను, గడియారాలు చెప్పాను, భయం ఎక్కడ పుడుతుందో చెప్పాను. జీవితంలో అంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు. పామర్రు దాటాక, నా వాదన శిఖరానికి చేరిన చోట, “ఇప్పుడు చెప్పండి పిన్నిగారూ” అని ఆగాను. ఆవిడ తల నా భుజం మీదికి వాలి ఉంది. హాయిగా నిద్రపోతున్నారు, ఇసక ఇంకా రాలని జుట్టుతో.

ఇన్నేళ్ళుగా నేను వ్యాసాలు రాస్తూనే ఉన్నాను. రాహుకాలం మీద కూడా చాలా రాశాను, అందులో ఒక్క మాట వెనక్కి తీసుకోను. రాస్తున్నప్పుడు ఒక్కోసారి ఆ బస్సులో ఉన్నట్టే ఉంటుంది. చదివేవారు ఏ ఊరి దగ్గర నిద్రలోకి జారుకున్నారో తెలియదు. అప్పట్లో అయితే తట్టి లేపి మళ్ళీ మొదటినుంచి చెప్పేదాన్ని. ఇప్పుడు వాదన ఆపను, కానీ భుజం కదపకుండా చెప్పడం నేర్చుకున్నాను.